మందుల కంపెనీ ఖర్చుతో వచ్చే ఆరోగ్య వ్యాసాలు: పైన ‘స్పాన్సర్డ్’ అని వేస్తే సరిపోతుందా?

సందేహి
జనం కోసం ఆరోగ్య వ్యాసాలు వేసే ఒక సైటు దగ్గరికి మందుల కంపెనీ వచ్చిందనుకుందాం. ‘బోలు ఎముకల వ్యాధి మీద ఆరు వ్యాసాలు వేయండి, ఖర్చు మాది. మా మందు పేరు ఎక్కడా రానక్కర్లేదు’ అంది. మూడు ప్రశ్నలు.

మందు పేరు లేకపోతే అది ప్రకటన కిందికి రాదా? వేసే ముందు ఒకసారి మాకు చూపించండి అంటే ఒప్పుకోవచ్చా? ‘స్పాన్సర్డ్’ అనే మాట పైన పెట్టాలా, కింద పెట్టినా చాలా?

చట్టంమాట
మొదటిదానికి జవాబు: పేరు లేనంత మాత్రాన ప్రకటన కాకుండా పోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లో మందుల ప్రచారానికి నైతిక ప్రమాణాలు తెచ్చింది. డాక్టరు మందు రాసేలా, దుకాణం అమ్మేలా, మనిషి కొని వాడేలా పురిగొల్పే, తయారీదారులూ పంపిణీదారులూ ఇచ్చే ప్రతి సమాచారమూ ప్రచారమే అని అందులో నిర్వచనం. అంటే చూడాల్సింది వ్యాసం రూపాన్ని కాదు, దాని ఫలితాన్ని.

యూరోపియన్ యూనియన్‌లో 2001/83 ఆదేశం 86వ అధికరణ జబ్బుల గురించిన సమాచారాన్ని ప్రకటన లెక్కలోంచి తప్పించింది. కానీ షరతు పెట్టింది: మందు ప్రస్తావన పరోక్షంగా కూడా ఉండకూడదు. ఆ ‘పరోక్షంగా’ అన్న ఒక్క మాట దగ్గరే సగం పేచీలు పుడతాయి. 88వ అధికరణ ప్రిస్క్రిప్షన్ మందుల్ని జనానికి ప్రకటించడాన్ని పూర్తిగా నిషేధించింది. అధికారులు ఆమోదించిన టీకా ప్రచారాలకు మాత్రం మినహాయింపు ఉంది.

భారత్‌లో 1954 నాటి ‘మందులు, మాయ చికిత్సలు (అభ్యంతరకర ప్రకటనలు) చట్టం’ ఉంది. మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు, ఊబకాయం లాంటివన్నీ దాని షెడ్యూల్లో ఉన్నాయి. ఫలానా మందు వీటిని నయం చేస్తుందనో, రాకుండా ఆపుతుందనో సూచించే ప్రకటన వేయకూడదు. ఇక్కడ ప్రచురించేవాళ్లు పట్టించుకోవాల్సిన ముక్క ఒకటుంది. నిషేధం కంపెనీకి మాత్రమే కాదు, ఆ ప్రకటన ప్రచురణలో ‘ఏ పాత్రైనా’ తీసుకున్నవాళ్లకూ వర్తిస్తుంది. ‘డబ్బులిచ్చారు, వేశాం’ అంటే చెల్లదు.

మొండిఘటం
ఇంత తలనొప్పి ఎందుకండీ? కంపెనీ సొమ్ము ముట్టుకోకపోతే పోలా? ఎంత శుద్ధిచేసినా స్పాన్సర్ వ్యాసం స్పాన్సర్ వ్యాసమే.

అచ్చుతప్పు
ముట్టుకోకపోతే గొడవే లేదు, నిజమే. కానీ అడిగింది ముట్టుకుంటే పాటించాల్సిన నియమాల గురించి కదా.

సందేహి గారూ, మీరు ఎంచుకున్న జబ్బు ఈ చర్చకు భలే అతికింది. పేరు రాయకుండా మందును ఎలా చూపిస్తారో ఈ నమూనా వాక్యాల్లో చూడండి:

‘చాలామందికి మాత్రలు సరిగా వేసుకోవడం కుదరదు. ఇప్పుడు ఆరు నెలలకోసారి ఒక్క ఇంజెక్షన్‌తో ఎముకలు విరిగే ముప్పు తగ్గించుకోవచ్చు. మీకు తగినదేమో ఈరోజే మీ డాక్టర్ని అడగండి.’

ఇందులో ఏ బ్రాండు పేరూ లేదు. అయినా బోలు ఎముకల వ్యాధికి ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్ అంటే డెనోసుమాబ్ ఒక్కటే. మోతాదు వ్యవధే పేరు పనిచేసింది. చెప్పకనే చెప్పడమంటే ఇదే. వ్యాసంలో ఇలాంటి వేలిముద్రల కోసం వెతకాలి: ఎన్నాళ్లకోసారి తీసుకోవాలి, మాత్రా ఇంజెక్షనా పీల్చేదా, ‘ఈ తరహాలో మొట్టమొదటిది’ లాంటి పొగడ్త, ‘కొత్త తరగతి మందులు’ అని రాసి ఆ తరగతిలో ఒకటే మందు ఉండడం.

రెండో వేలిముద్ర మొదటి వాక్యంలోనే ఉంది. పోటీ మందు కష్టాన్ని ముందు పెట్టడం. పోటీ మందైన అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట పడుకోకుండా ఉండాలన్నది నిజమే. అది ఒక్కటే చెప్పి, డెనోసుమాబ్ మధ్యలో మానేస్తే ఎముక సాంద్రత వేగంగా పడిపోతుందనీ, కొందరిలో వెన్నుపూసలు ఒకటికి మించి విరిగిన సందర్భాలున్నాయనీ చెప్పకపోతే అది సమాచారం కాదు, అమ్మకం.

గుళిక
పై దానికి చిన్న చేర్పు. చికిత్సల గురించి రాయక తప్పకపోతే అన్నింటినీ ఒకే కొలతతో రాయాలి. వారానికోసారి మాత్ర, ఏడాదికోసారి సిరలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం, ఆరు నెలల ఇంజెక్షన్, రోజువారీ టెరిపారటైడ్ ఇంజెక్షన్, వీటితోపాటు కాల్షియం, విటమిన్ డి, బరువు మోసే వ్యాయామం, ఇంట్లో జారిపడకుండా జాగ్రత్తలు. ఒకదానికి నాలుగు వాక్యాలు, మిగతావాటికి తలా అర వాక్యం ఇస్తే తూకం చెడినట్టే. సరిచూసే పద్ధతి చాలా మొరటుది కానీ పనిచేస్తుంది: ఒక్కో చికిత్సకు ఎన్ని మాటలు పడ్డాయో, ఎన్ని దుష్ఫలితాలు రాశారో విడివిడిగా లెక్కపెట్టండి.

అంకెల దగ్గర ఇంకో మెలిక. ఉదాహరణకు నూరుమందిలో ఇద్దరికి వచ్చే ముప్పు ఒక్కరికి తగ్గిందనుకోండి. ‘50 శాతం తగ్గింపు’ అనీ రాయొచ్చు, ‘నూరుమందిలో ఒకరికి తప్పింది’ అనీ రాయొచ్చు. రెండూ అబద్ధం కాదు. లాభాన్ని శాతంలో, నష్టాన్ని ‘అరుదుగా’ అనే మాటలో చెప్పడం పాత ఎత్తు. రెంటికీ ఒకే హారం పెట్టమనండి: నూరుమందిలో ఎంతమందికి లాభం, అదే నూరుమందిలో ఎంతమందికి నష్టం.

సందేహి
మరి చికిత్స ఊసే ఎత్తకుండా జబ్బు లక్షణాలు, పరీక్షల వరకే రాస్తే? అది పూర్తిగా సురక్షితమే కదా?

చట్టంమాట
చాలావరకు. అమెరికాలో దీన్ని ‘సాయం కోరమనే ప్రకటన’ అంటారు. మందు పేరు గానీ సూచన గానీ లేనంతవరకు అది ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) మందుల ప్రకటనల నియమాల కిందికి రాదు. మోసపూరితంగా ఉంటే ఎఫ్‌టీసీ (వాణిజ్య మోసాల్ని అడ్డుకునే సంస్థ) చూసుకుంటుంది. అక్కడ ప్రిస్క్రిప్షన్ మందుల్ని నేరుగా జనానికి ప్రకటించడమూ చట్టబద్ధమే. అలా అనుమతించే అభివృద్ధి చెందిన దేశాల్లో అమెరికా కాక న్యూజిలాండ్ ఒక్కటే కనిపిస్తుంది. కాకపోతే పేరూ, అది ఏ జబ్బుకన్నదీ కలిసి వస్తే లాభాలతోపాటు ముప్పులూ సమతూకంగా చెప్పాలి.

కెనడాలో లెక్క వేరు. ప్రిస్క్రిప్షన్ మందు గురించి జనానికి పేరు, ధర, పరిమాణం వరకే చెప్పొచ్చు. దాంతో ఒక ప్రకటన జబ్బు గురించి మాట్లాడి మందు పేరెత్తదు, ఇంకోటి మందు పేరు చెప్పి జబ్బు మాటెత్తదు. పామూ చావదు, కర్రా విరగదు. కానీ రెండింటిలో ఒకే రంగులు, ఒకే నటి, ఒకే నినాదం ఉంటే చూసేవాడి బుర్రలో రెండూ కలిసిపోతాయి. నియంత్రణ సంస్థలు కూడా వాటిని కలిపే చదువుతాయి.

మీ ఆరు వ్యాసాలకూ ఇదే సూత్రం. వ్యాసం ఎంత శుద్ధంగా ఉన్నా పక్కనే అదే కంపెనీ మందు బ్యానర్ వచ్చిందంటే ఆ రెండూ కలిసి ఒక్క ప్రకటన. ప్రకటనలు తమంతట తామే వచ్చి పడే స్థలాలుంటే ఆ పేజీలో వాటిని ఆపేయాలి.

గుళిక
జబ్బు గురించే రాసినా ఇంకో గొయ్యి ఉంది. జబ్బు హద్దును జరపడం. ఎముక సాంద్రత పరీక్షలో టీ-స్కోరు (ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోల్చి చూపే అంకె) మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువైతే బోలు ఎముకల వ్యాధి. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే సాంద్రత కాస్త తక్కువ అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం 1994లో పెట్టిన గీతలివి. వయసు మళ్లిన ఆడవాళ్లలో చాలామంది ఈ రెండో గదిలోకి వస్తారు. వాళ్లందరికీ మందు అవసరం ఉండదు. ‘మీకు తెలియకుండానే మీ ఎముకలు కరిగిపోతున్నాయా?’ అని శీర్షిక పెట్టి ఆస్టియోపీనియాను జబ్బులా రాస్తే, మందు పేరు ఒక్కసారి కూడా రాకుండానే సంత పెరుగుతుంది.

‘ఒక్క నిమిషంలో మీ ముప్పు తెలుసుకోండి’ తరహా ప్రశ్నావళులు మరీ ప్రమాదం. ఐదు ప్రశ్నలకు ఎలా జవాబిచ్చినా చివరికి ‘డాక్టర్ని కలవండి’ అనే వస్తుందేమో నొక్కి చూడండి. అన్నింటికీ ‘లేదు’ అని కొట్టినా అదే వస్తే అది పరీక్ష కాదు, గాలం.

అచ్చుతప్పు
రెండో ప్రశ్నకొస్తా. ‘ముందు ఒకసారి చూపించండి’ అన్న దగ్గరే అసలు తాళం ఉంది. లేబుల్ కంటే ఇది ముఖ్యం.

కంపెనీ పాత్ర మూడు రకాలు. కేవలం డబ్బిచ్చింది, అంశం కూడా ఎంచుకోలేదు. అంశం చెప్పింది, రాత మీదే. రాతలో చెయ్యి పెట్టింది, లేదా ఆమోదించాకే వెళ్లింది. మూడోది జరిగితే ‘కంపెనీకి వ్యాసంలోని విషయంతో సంబంధం లేదు’ అని కింద రాయడం అబద్ధం. బ్రిటన్‌లో ఏబీపీఐ (మందుల కంపెనీల సంఘం) నియమావళి స్పాన్సర్ ఎవరన్న సంగతి పాఠకుడికి మొదట్లోనే కనబడాలంటుంది. కంపెనీ పాత్ర నిజంగా ఎంతో అంతే ఖచ్చితంగా చెప్పాలనీ అంటుంది. ‘ఫలానా కంపెనీ సహకారంతో’ అన్న గోడమీద పిల్లి మాట ఆ పని చేయదు.

ఒప్పందంలో ఇవి రాసుకోండి:

తుది నిర్ణయం సంపాదకుడిది. కంపెనీ కోరగలిగిందల్లా వాస్తవ దోషాలు చూపించడం. అదీ రాతపూర్వకంగా, ఆధారంతో, ఉదాహరణకు ఐదు పని దినాల్లో. శైలి, క్రమం, శీర్షిక, బొమ్మల మీద మాట చెల్లదు.

డబ్బు వ్యాసం బయటికొచ్చాక కాదు, పని మొదలయ్యేటప్పుడే. ఆమోదానికీ చెల్లింపుకీ ముడి ఉండకూడదు. చదివినవాళ్ల సంఖ్యను బట్టో, లింకు నొక్కినవాళ్లను బట్టో చెల్లింపు అసలే వద్దు. అలా చేస్తే శీర్షికలు వాటంతటవే భయపెట్టడం మొదలెడతాయి.

వచ్చిన ప్రతి సూచన, దాన్ని తీసుకున్నారా తోసేశారా అన్నది తేదీతో దాచాలి. రేపు ఎవరైనా అడిగితే మీ స్వతంత్రతకు సాక్ష్యం అదొక్కటే.

రచయితకూ, వ్యాసంలో మాట్లాడిన డాక్టరుకూ ఆ కంపెనీతో లావాదేవీలుంటే పేరు పక్కనే చెప్పాలి. ‘ప్రముఖ నిపుణులు’ అని పరిచయం చేసి, ఆయన అదే కంపెనీ సలహా మండలిలో ఉన్నట్టు దాచడం కంటే చెత్త పని లేదు.

మొండిఘటం
వాస్తవ దోషాలు చూపించే కిటికీ తెరిచారు కదా, అందులోంచే అంతా దూరుతుంది. ‘ఈ దుష్ఫలితం చాలా అరుదు, తీసేయండి, ఇదిగో పేపరు’ అంటారు. ఆధారం ఉంది మరి. తీస్తారా?

అచ్చుతప్పు
మంచి పట్టు. ‘అరుదు’ అన్నది నిజమైతే ‘అరుదు’ అని చేర్చొచ్చు, తీసేయక్కర్లేదు. తప్పును దిద్దడం వేరు, ఒప్పును తొలగించడం వేరు. ఒప్పందంలో ఆ తేడాను ఒక్క వాక్యంలో రాసేయండి: ‘సూచన వాక్యాన్ని నిజం చేయడానికే తప్ప వాక్యాన్ని లేకుండా చేయడానికి కాదు’. అసలు చూపించకుండా వేయడమే ఇంకా మేలు, కాదనను.

చట్టంమాట
ఇక్కడ కంపెనీ వైపు చిక్కు కూడా తెలియాలి. జోక్యం లేని దూరం పాటిస్తే ‘మాకు సంబంధం లేదు’ అనొచ్చు. ఒక్కసారి రాతలో వేలు పెడితే బ్రిటన్‌లో ఆ వ్యాసానికి బాధ్యత కంపెనీదే అవుతుంది, తమ లోపలి ధ్రువీకరణా జరగాలి. రెండూ ఒకేసారి కుదరవు. అందుకే కొన్ని కంపెనీల్లో నియమాలు పాటించేలా చూసే అనుపాలన విభాగాలు ‘చూపించొద్దు, మేం చూడం’ అని తామే అంటాయి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ తెలివైన మాట.

స్పాన్సర్ సంగతి స్పష్టంగా చెప్పకపోతే ఏమవుతుందంటే, 2023 మార్చిలో ఏబీపీఐ నోవో నార్డిస్క్ సభ్యత్వాన్ని రెండేళ్లు సస్పెండ్ చేసింది. బరువు తగ్గించే చికిత్సలపై ఆరోగ్య వృత్తివారికి పెట్టిన శిక్షణను లింక్డిన్‌లో ప్రచారం చేశారు. దాని వెనక కంపెనీ పాత్రను స్పష్టంగా చెప్పకపోవడం, ప్రచారాన్ని మారువేషంలో నడపడం కంపెనీ మీద తేలిన తప్పులు. అది జనం కోసం రాసిన వ్యాసం కాదు. కానీ తప్పు రకం అదే.

కోడుగీత
మూడో ప్రశ్నకు జవాబు నేను చెప్తా. లేబుల్ పైనే, శీర్షికకు ముందు లేదా ఆనుకుని ఉండాలి. అమెరికా ఎఫ్‌టీసీ 2015 డిసెంబరు విధాన ప్రకటన సారం కూడా అదే: పాఠకుడు నొక్కకముందే అది ప్రకటనో కాదో తెలియాలి. లోపలికెళ్లి చదివాక తెలిస్తే ఆలస్యమైనట్టే.

వాడే మాట కూడా తేలిగ్గా అర్థమవ్వాలి. ‘ప్రకటన’ అంటే అందరికీ తెలుసు. ‘భాగస్వామ్య కథనం’, ‘సమర్పణ’, ‘సౌజన్యం’ అంటే ఎవరికీ తెలియదు, అందుకే అవి కంపెనీలకు అంత ఇష్టం. పూర్తి వాక్యం రాయండి: ‘ఈ వ్యాసానికి డబ్బు ఇచ్చింది ఫలానా మందుల కంపెనీ. ఈ జబ్బుకు మందు అమ్ముతుంది. అంశం వారు సూచించారు, రాత సంపాదక వర్గానిది.’ మధ్య వాక్యం తప్పనిసరి. చాలామంది కంపెనీ పేరు వేస్తారు గానీ, ఆ కంపెనీకి ఈ జబ్బులో ఏం లాభమో చెప్పరు.

ఇక లేబుల్ ఊడిపోయే చోట్లు. వ్యాసం పేజీలో లేబుల్ ఉంటుంది, కానీ వాట్సాప్‌లో పంచుకుంటే వచ్చే చిన్న కార్డులో శీర్షిక, బొమ్మ మాత్రమే వెళ్తాయి. అందుకని ‘ప్రకటన’ అనే మాటను కార్డు శీర్షికలోనే, బొమ్మ మూలలో కూడా వేయాలి. మొబైల్ సంచిక, ముద్రించే సంచిక, గట్టిగా చదివి వినిపించే సదుపాయం, ఈమెయిల్ సంచిక, వెతుకుయంత్రం చూపే రెండు లైన్ల సారాంశం, అన్నింట్లో విడివిడిగా చూసుకోండి. లేబుల్‌ను బొమ్మగా పెడితే చూపులేనివారి చదివే యంత్రానికి అది కనబడదు, అక్షరాలుగానే ఉండాలి. బూడిద రంగు నేలమీద ఇంకాస్త ముదురు బూడిద రంగులో పెట్టేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

స్పాన్సర్ సైటుకు వెళ్లే లింకులకు కోడ్‌లో రెల్ (లింకు ఎలాంటిదో వెతుకుయంత్రానికి చెప్పే గుర్తు) విలువ ‘స్పాన్సర్డ్’ అని ఇవ్వాలి. గూగుల్ 2019 సెప్టెంబరు నుంచి దీన్ని గుర్తిస్తోంది. లింకు ఎక్కడ దిగుతుందో కూడా చూడండి. ‘మరింత సమాచారం’ అని నొక్కితే నేరుగా మందు పేజీకి వెళ్తే, చట్టంమాట గారు చెప్పిన కెనడా కిటుకు మీ పేజీలోనే జరిగినట్టు.

కంపెనీ ట్రాకింగ్ కోడ్ మాత్రం పేజీలో పెట్టనివ్వొద్దు. బోలు ఎముకల వ్యాసం చదివిన మనిషికి ఆ తర్వాత వారం రోజులూ ఎముకల మందుల ప్రకటనలే కనబడితే, మీరు అమ్మింది స్థలం కాదు, ఆ మనిషి ఆరోగ్య సమాచారం.

పసుపుకార్డు
ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది: వ్యాసం కింద వచ్చే వ్యాఖ్యలు.

‘ఆ ఇంజెక్షన్ తీసుకున్నాక మా అమ్మకు దవడ ఎముక దగ్గర పుండు పడింది’ అని ఎవరో రాశారనుకోండి. యూరప్ మందుల భద్రతా నియమాల్లో ఆరో విభాగం ప్రకారం, కంపెనీ సొంతదైనా, డబ్బు కట్టినదైనా, అదుపులో ఉన్నదైనా ఆ డిజిటల్ వేదిక కంపెనీ స్పాన్సర్ చేసినదే. అలాంటి వేదికను కంపెనీ క్రమం తప్పకుండా వెతికి, దుష్ఫలితాల నివేదికలుంటే ఏరుకోవాలి. తీవ్రమైనవైతే 15 రోజుల్లో, కానివైతే 90 రోజుల్లో అధికారులకు పంపాలి. తుది రాత మీద అదుపు లేని ఒట్టి విరాళమైతే ఆ వేదిక కంపెనీది కాదు. అదుపు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఇక్కడా తిరిగొచ్చింది చూడండి.

నివేదిక చెల్లాలంటే నాలుగు కావాలి: గుర్తించదగిన రోగి, గుర్తించదగిన నివేదకుడు, అనుమానిత మందు, జరిగిన హాని. పై వ్యాఖ్యలో రోగి ఉన్నారు, హాని ఉంది. మందు ‘ఆ ఇంజెక్షన్’ అని మాత్రమే ఉంది. రాసినవాళ్లను సంప్రదించే దారి లేకపోతే నివేదకుడి దగ్గరా ఆగిపోతుంది. ఒప్పందంలో ముందే తేల్చుకోండి: వ్యాఖ్యలు ఎవరు చూస్తారు, ఎన్ని గంటల్లో కంపెనీ భద్రతా విభాగానికి చేరవేస్తారు, సెలవు రోజుల్లో ఎవరు. చాలా ఒప్పందాల్లో ఒక పని దినం అని రాస్తారు. ఇది చేతకాకపోతే వ్యాఖ్యలు మూసేయండి. తెరిచిపెట్టి, దుష్ఫలితాల వ్యాఖ్యల్ని ‘చర్చకు సంబంధం లేదు’ అని చెరిపేస్తే మాత్రం అన్నింటికంటే పెద్ద తప్పు.

సందేహి
చివరిగా ఒకటి. ఏడాది తర్వాత ఒప్పందం అయిపోతుంది. వ్యాసాలు సైటులోనే ఉంటాయి. అప్పుడు లేబుల్ తీసేయొచ్చా?

కోడుగీత
తీయకూడదు. ఒప్పందం ముగిసినా వ్యాసం ఎవరి డబ్బుతో పుట్టిందో మారదు కదా. లేబుల్‌లో ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది చేర్చండి.

గుళిక
తేదీ ఒక్కటే చాలదు. మందు భద్రతా సమాచారం మారుతుంటుంది. డెనోసుమాబ్ మానేస్తే వచ్చే ముప్పు కూడా అది సంతలోకి వచ్చిన కొన్నేళ్లకే స్పష్టమైంది. చికిత్సల ప్రస్తావన ఉన్న వ్యాసాన్ని ఏడాదికోసారైనా తిరగేసి, ‘చివరిగా సరిచూసిన తేదీ’ వేయాలి. ఆ పనికి డబ్బు ఎవరిస్తారో కూడా ఇప్పుడే రాసుకోండి. లేకపోతే రెండో ఏడు ఆ వ్యాసాలకు దిక్కుండదు.

మొండిఘటం
ఈ లెక్కన ఆరు వ్యాసాలకు వచ్చే సొమ్ము కంటే కాపలా ఖర్చే ఎక్కువయ్యేలా ఉంది.

అచ్చుతప్పు
అవుతుంది. ధర చెప్పేటప్పుడు ఆ కాపలా కూడా కలిపే చెప్పాలి, సందేహి గారూ. విని వెనక్కి తగ్గే కంపెనీ ఉంటే వాళ్లకు కావాల్సింది వ్యాసం కాదు.